పంచాయతీ ట్రాక్టరు లాగనప్పుడు
క్లచ్, గేరుబాక్సు దోషములను గుర్తించు విధము

తెలంగాణములో 2019 సెప్టెంబరున ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము మూలమున 12,700 పైచిలుకు గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లు సమకూడినవి. వానితోపాటు చెత్త మోయుటకు ట్రాలీయు, మొక్కలకు నీరు పోయుటకు ట్యాంకరును వచ్చినవి. ఆ బండ్లలో పెక్కింటికి ఇప్పుడు అయిదారేండ్ల వయస్సు. పొలము దున్ను ట్రాక్టరుకు ఇది ముసలితనము కాదు. కాని ఆ ట్రాక్టరు ఒక గేరు వేసికొని గట్టు నుండి గట్టు వరకు ఆగకుండ సాగును. పంచాయతీ ట్రాక్టరో, ప్రతి గడప ముందర ఆగి, మరల కదలి, పది గజములు పోయి మరల ఆగును. ఒక ఉదయమున దాని క్లచ్ పెడలు ఎన్నిసార్లు తొక్కబడునో డ్రైవరు కాలు నడిగిన తెలియును. కావున ఇంజను గట్టిగా ఉండగనే క్లచ్చును, దానిని అంటియున్న గేరుబాక్సును ముందుగా మొరాయించుట సహజము.

అట్టి సమయమున పంచాయతీ సభ్యులకు వచ్చు చిక్కు ఒకటి కలదు. మెకానిక్కు చెప్పినదానిని కాదనుటకు తెలియదు, అవుననుటకు నిధులు చాలవు. గేరుబాక్సు విప్పవలెనన్నచో ట్రాక్టరును నడుమకు రెండుగా విడదీయవలెను. అది కూలితోను, కాలముతోను కూడిన పని. ఒకసారి విప్పిన పిమ్మట, దోషము అందులో లేదని తేలినను, కూలి మాత్రము చెల్లింపక తప్పదు.

ఇటీవల ఒక గ్రామమున నేను చూచిన సంగతి చెప్పెదను. పంచాయతీ కార్యాలయము ముందర ట్రాక్టరు పదునొకండు దినములుగా నిలిచియున్నది. గేరు వేయబోయిన గరగర ధ్వనియే తప్ప పడుట లేదు. వీథులలో చెత్త పేరుకొన్నది. నర్సరీ మొక్కలకు కార్మికులు బిందెలతో నీరు మోయుచున్నారు. పట్టణము నుండి వచ్చిన మెకానిక్కు గేరుబాక్సు పోయినదని చెప్పి అంచనా వ్రాసి యిచ్చినాడు. ఆ మొత్తము ఊరి వీథిదీపముల రెండు నెలల కరెంటు బిల్లును మించియున్నది. బండి నడుపువాడు మల్టీపర్పస్ కార్మికుడు. తప్పు అతని మీదకే వచ్చునట్లున్నది. సమావేశములో ఒక వార్డు సభ్యురాలు, ఇంట ట్రాక్టరున్న రైతుకుటుంబపు ఆమె, అతనిని పిలిచి యిట్లు అడిగినది:

"తమ్ముడూ, ఇంజను ఆపి గేరు వేస్తే పడుతున్నదా?"

"పడుతున్నదక్కా. నాలుగు గేర్లూ మెత్తగ పడుతున్నయి."

"మరి గేరుబాక్సు ఎట్ల పోయిందయ్యా?"

ఆ ప్రశ్నతో అంచనా కాగితము ప్రక్కకు పోయినది. క్లచ్ పెడలును లోపలి మీటతో కలుపు కడ్డీ చివరనున్న పిన్ను అరిగి వదులైనది. పెడలు పూర్తిగా తొక్కినను క్లచ్ పూర్తిగా విడిపోవుట లేదు. ఆనాడు గుమిగూడినవారికి తెప్పించిన తేనీటి ఖర్చు ఆ పిన్ను వెలకంటె ఎక్కువైనది.

ఆ ప్రశ్న వెనుకనున్న విషయము సులభమైనది. ఇంజను తిరుగు బలము మొదట ఫ్లైవీలుకు, దానిని అంటియున్న క్లచ్ ప్లేటునకు, అటనుండి గేరుబాక్సునకు, పిదప డిఫరెన్షియలు ద్వారా వెనుక చక్రములకు పోవును. పెడలు తొక్కినప్పుడు ప్లేటు ఫ్లైవీలును వదలవలెను; వదిలినప్పుడు జారకుండ పట్టుకొనవలెను. ఇంజను ఆగియున్నప్పుడు గేర్లు చక్కగా పడుచు, నడచుచున్నప్పుడు మాత్రము గరగరలాడినచో గేర్లలో దోషము లేదనియు, క్లచ్ పూర్తిగా వదలుట లేదనియు ఎక్కువ భాగము నిశ్చయింపవచ్చును. ఇంజను ఆపినను గేరు రాడ్డు కదలకున్నచో అప్పుడు రాడ్డును, లోపలి ఫోర్కులను అనుమానింపవలెను. ఒక్క జాగ్రత్త: ఇంజను ఆపియుంచినప్పుడు గేరు పండ్లు ఎదురెదురుగా నిలిచి ఒకటి రెండు గేర్లు పడకపోవచ్చును. బండిని కొద్దిగా ముందుకు నెట్టి మరల ప్రయత్నింపవలెను.

క్లచ్ వదలకపోవుటకు పెడలు ఆట మితిమీరుట ఒక కారణము. ప్లేటు వంకరపోవుట మరియొకటి. వానకాలమంతయు కదలక నిలిచిన బండిలో ప్లేటు త్రుప్పుతో ఫ్లైవీలుకు అంటుకొనిపోవుటయు కలదు. అందుచేతనే కొన్ని ట్రాక్టర్లలో బండిని చాలకాలము నిలుపునప్పుడు పెడలును తొక్కియుంచుటకు ఒక కొక్కెము అమర్చియుందురు. దానిని వాడుకొనువారు అరుదు.

జారుట, అంటుట

క్లచ్ వదలకపోవుట ఒక జబ్బు కాగా, పట్టకపోవుట మరియొక జబ్బు. రెంటికిని చికిత్స వేరు. పట్టకపోవు క్లచ్ లక్షణములు ఇవి: ట్రాలీ నిండుగా నున్నప్పుడు, చెరువు కట్ట ఎక్కునప్పుడు ఇంజను ధ్వని పెరుగును గాని వేగము పెరుగదు. కొంతసేపటికి కాలిన వాసన వచ్చును. దీనిని పరీక్షించుటకు బండిని సమతలమైన ఖాళీ స్థలమున నిలిపి, ముందు వెనుకల ఎవరును లేకుండ చూచి, చేతిబ్రేకు గట్టిగా బిగించి, పై గేరు వేసి, ఇంజనును నెమ్మదిగా నడుపుచు పెడలును మెల్లగా వదలవలెను. క్లచ్ మంచిదైనచో ఇంజను వెంటనే ఆగిపోవును. ఆగక తిరుగుచునే యున్నచో ప్లేటు జారుచున్నదన్నమాట. ఈ పరీక్షను ఒకసారి చేసిన చాలును. పదిమందికి చూపుటకై పదిమారులు చేసినచో పరీక్షయే ప్లేటును కాల్చివేయును.

జారుటకు మూలకారణము చాల బండ్లలో డ్రైవరు పాదమే. పెడలు పైభాగమున కొంత ఆట ఉండవలెను. చాల ట్రాక్టర్లకిది ఇంచుమించు ఒక అంగుళము. బండితో వచ్చిన పుస్తకములోని కొలతయే ప్రమాణము. ప్లేటు అరిగిన కొలది ఈ ఆట తగ్గుచు వచ్చును. అది లేకుండపోయిన దినము నుండి, ఎవరును తొక్కకున్నను క్లచ్ కొంత తొక్కియుంచినట్లే యుండును. ఇంటింటి వద్ద ఆగుటకు 'హాఫ్ క్లచ్' మీద బండిని నిలుపు అలవాటు దీనికి తోడైనచో ప్లేటు ఆయుర్దాయము సగమునకు పడిపోవుననుట అతిశయోక్తి కాదు. దీనికి డ్రైవరును మందలించి ఊరకుండుట న్యాయము కాదు. ఒక్కడే కార్మికుడు బండి నడుపుచు, దిగి చెత్త ఎత్తుచు, మరల ఎక్కుచు తిరుగవలసిన యేర్పాటు మనమే చేసియున్నచో, ప్రతి ఇంటి వద్దను న్యూట్రలు చేసి చేతిబ్రేకు వేయు ఓపిక అతనికెక్కడిది?

ఆట సరిచేసినను జారుట పోకున్నచో బండి క్రింద చూడవలెను. ఇంజనుకును గేరుబాక్సుకును నడుమనున్న క్లచ్ పెట్టె అడుగున చాల ట్రాక్టర్లలో ఒక చిన్న రంధ్రముండును. అందుండి నల్లని పలుచని నూనె కారుచున్నచో ఇంజను వెనుకటి ఆయిల్ సీలు పోయినది. పసుపువన్నె చిక్కని నూనె కారుచున్నచో గేరుబాక్సు ముందటి సీలు పోయినది. ఏదైనను ఆ నూనె ప్లేటు మీద పడుచున్నదన్నమాట. ఇట్టి స్థితిలో సీలు మార్చక ప్లేటు మాత్రము మార్చినచో ఆ క్రొత్త ప్లేటు కొద్ది నెలలలో పాతదాని దారినే పోవును. అంచనాలో ప్లేటు ఉండి సీలు లేనిచో ఎందుకు లేదని తప్పక అడుగుడు.

చెవికి తెలియునవి

న్యూట్రలులో ఇంజను నడుచుచుండగా ధ్వని వినుడు. పెడలు తొక్కినప్పుడు కీచుమని, వదలినప్పుడు ఆగినచో రిలీజ్ బేరింగు దోషము. వదలినప్పుడు గొణుగుచు, తొక్కినప్పుడు నిశ్శబ్దమైనచో గేరుబాక్సు ముందరి బేరింగును చూడవలెను. ఒక్క గేరులో మాత్రమే రొద వచ్చినచో ఆ గేరు పండ్లను, అన్ని గేర్లలోను వచ్చినచో నూనెను, బేరింగులను, డిఫరెన్షియలును చూడవలెను. మూల తిరుగునప్పుడు మాత్రమే కటకటలాడినచో అది డిఫరెన్షియలు పనియే.

పల్లమున దిగునప్పుడు గేరు దానంతట అదియే ఊడి న్యూట్రలునకు వచ్చుట అన్నిటికంటె అపాయకరము. నీటితో నిండిన ట్యాంకరు వెనుక నుండి నెట్టుచుండగా గేరు ఊడినచో బ్రేకుల మీదనే భారమంతయు పడును. గేరును పట్టియుంచు స్ప్రింగు, గోళీ అరిగినను, ఫోర్కు వంగినను, పండ్ల అంచులు గుండ్రనైనను ఇట్లగును. చేతితో రాడ్డును అదిమిపట్టి నడపు డ్రైవర్లు కలరు. అట్టి బండిని ఆ దినమే ఆపివేయవలెను. చెత్త రెండు దినములు ఆలస్యమైనను ఫరవాలేదు.

ఇంకొక చిన్న సంగతి. ట్రాక్టరులో గేరు రాడ్డుతోపాటు హై-లో మీట వేరుగా నుండును. అది నడుమ నిలిచియున్నచో ఏ గేరు వేసినను బండి కదలదు. పిల్లలు బండి యెక్కి ఆడుకొని మీటను కదిల్చిపోగా మెకానిక్కుకు కబురంపిన ఊళ్ళు లేకపోలేదు.

నూనె చెప్పు సాక్ష్యము

విప్పుటకు ముందు నూనె చూడవలెనను నియమము మన ట్రాక్టర్లకే కాదు. అమెరికాలో పికప్ బండ్లు చాల భాగము ఆటోమేటిక్ గేర్లతో నడచును. వానికి క్లచ్ పెడలే ఉండదు. అట్టి గేరుబాక్సును పూర్తిస్థాయిలో మొదట అమ్మకమునకు తెచ్చినది 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్ కారు. అక్కడను పాత పికప్ గేరు జారినప్పుడు తెలిసిన మెకానిక్కు మొదట చూచునది నూనెనే: ఎర్రగా నుండవలసినది నల్లబడినదా, కాలిన వాసన వచ్చుచున్నదా అని.

మన ట్రాక్టరులో ఈ నూనె ప్రాముఖ్యము ఇంకను ఎక్కువ. చాల నమూనాలలో గేరుబాక్సు, డిఫరెన్షియలు, హైడ్రాలిక్ లిఫ్టు, ఒక్కొక్కచో నూనెలో మునిగియుండు బ్రేకులు, అన్నిటికిని ఒకే నూనె. ఎత్తి కుమ్మరించు ట్రాలీకి బలమిచ్చునదియు అదే. కావున ట్రాలీ సిలిండరు దగ్గర కారు నూనె గేరుబాక్సు నూనెయే. కారుట ట్రాలీ దగ్గర, అరుగుట గేర్ల దగ్గర! ట్రాలీ గొట్టముల కొసలను దుమ్ములో పడవైచి మరల తగిలించినచో ఆ దుమ్ము లోనికే పోవును. వానికి మూతలు తగిలించుట డ్రైవరు మరువరాదు.

బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి, కొంతసేపటికి డిప్‌స్టిక్ తీసి చూడుడు. నూనె మజ్జిగవలె తెల్లబడినచో నీరు కలిసినది. చెరువులోనికి దింపి కడుగుటవలనను, గాలి రంధ్రపు మూత ఊడుటవలనను ఇట్లగును. అట్టి నూనెను పూర్తిగా తీసివేయవలెను. పైన క్రొత్తది పోసి సరిపెట్టరాదు. మట్టము తగ్గినప్పుడు చేతికందిన ఇంజను ఆయిలు పోయుటయు తప్పు. పుస్తకములో చెప్పిన రకమే పోయవలెను.

నూనె దింపునప్పుడు అడుగు బిరడాను సభ్యులలో ఒకరు స్వయముగా చూచుట మంచిది. కొన్నిటికి దానిలో అయస్కాంతముండును. దాని మీద బూడిదవన్నె మెత్తని పేస్టు పట్టియుండుట సహజమైన అరుగుదల. మెరయు పెంకులు, పంటి ముక్కలు కనబడినచో గేరుబాక్సు విప్పుట తప్పదు. అప్పుడు మెకానిక్కు మాట నిజము, ఖర్చుకు వెనుదీయరాదు.

మరమ్మతు తీర్మానములో మార్చవలసిన భాగముల పేర్లు వేరువేరుగా వ్రాయించుడు. 'గేరుబాక్సు రిపేరు' అను ఒక్క మాట చాలదు. తీసిన పాత ప్లేటు, బేరింగు, సీలు పంచాయతీకి తిరిగి ఇవ్వవలెనని ముందే చెప్పి, వానిని తేదీతో చీటీ కట్టి బీరువాలో ఉంచుడు. ప్లేటు మార్చిన తేదీని, అప్పటి గంటల మీటరు అంకెను లాగ్‌బుక్కులో వ్రాసినచో, తరువాతి ప్లేటు ఎంతకాలము వచ్చినదో లెక్కకు దొరకును. ఆ లెక్క త్వరగా తరుగుచున్నచో సీలునో, పెడలు ఆటనో, చెత్త సేకరణ పద్ధతినో మరల చూడవలసియుండును.

మరమ్మతైన బండిని ఖాళీగా నడిపి చూచి బిల్లు మీద సంతకము చేయరాదు. ట్యాంకరు నిండ నీరు పట్టి, ఊరిలో అన్నిటికంటె ఎత్తైన దారిన, మెకానిక్కును ప్రక్కన నుంచుకొని ఎక్కించుడు. దిగునప్పుడు గేరు నిలుచుచున్నదా లేదా చూడుడు. తిరిగి వచ్చిన పిమ్మట క్లచ్ పెట్టె అడుగున ఒక తెల్లకాగితము పరచి, మరునాటి ఉదయము దాని మీద నూనె చుక్కలున్నవేమో చూచి, అటుపై బిల్లు పాసు చేయవచ్చును.