ఇంగ్లీషు వ్యాకరణము: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: రెండు వాక్యములను ఒక్కటిగా కలుపుమన్నచో మా అబ్బాయి 'అండ్' పెట్టి ఊరకుండును. 'హావింగ్' వాడుమని మేష్టారు చెప్పగా 'హావింగ్ బేత్డ్ ఇన్ ద రివర్, ద టెంపుల్ వాజ్ క్లోజ్డ్' అని వ్రాసెను. ఎఱ్ఱసిరాతో కొట్టివేసిరి. తప్పెక్కడ? - ఒక తండ్రి, శ్రీముఖలింగము

జవాబు: 'ఏట్లో స్నానముచేసి వచ్చుసరికి గుడి మూసియున్నది' అని తెలుగున మనము నిశ్చింతగా అందుము, స్నానమాడినవాడెవడో చెప్పకున్నను వినువానికి తెలియును. ఇంగ్లీషున నట్లు కాదు. వాక్యారంభమున నిలిచిన 'హావింగ్ బేత్డ్' తన కర్తను తాను తెచ్చుకొనక, ప్రధానవాక్యమున నున్న కర్తనే ఆశ్రయించును గావున, మీ అబ్బాయి వాక్యమున వంశధారలో మునిగి లేచినది సాక్షాత్తు మధుకేశ్వరస్వామి ఆలయమే యైనది! 'హావింగ్ బేత్డ్ ఇన్ ద రివర్, వుయ్ ఫౌండ్ ద టెంపుల్ క్లోజ్డ్' అన్నచో దోషము తొలగును.

మన 'చేసి', 'కురిసి' వంటి క్త్వార్థకమునకును ఏకకర్తృకత్వమే (రెండు క్రియలకును కర్త ఒక్కటే యగుట) సాధారణ నియమమైనను, 'వాన కురిసి చెరువు నిండినది' వంటి ప్రయోగములను లోకము సహించుచున్నది. ఇంగ్లీషున అట్టిచోట మొదటి క్రియకును దాని కర్తను విడిగా చూపవలెను: 'ద రెయిన్ హావింగ్ ఫాలెన్, ద ట్యాంక్ ఫిల్డ్'. ఇది కొంత గంభీరమైన పోకడ. పిల్లవానికి 'బికాజ్', 'వెన్', 'దో' అనువానిని ముందు అలవరచుట మేలు. 'అండ్' పాపమేమియు చేయలేదు. కార్యకారణములున్నచోటనుకూడ దానినే తగిలించుట సోమరితనము.

సంబంధము కర్తనుగూర్చినదైనచో 'హూ' ఉపకరించును. గాంగరాజు చోడగంగనుగూర్చి యిట్లనవచ్చును: 'చోడగంగ, హూ వాజ్ ద గ్రాండ్‌సన్ ఆఫ్ వజ్రహస్త, షిఫ్టెడ్ హిజ్ క్యాపిటల్ టు కటక్'. 'వజ్రహస్తుని మనుమడైన' అని మనము పేరునకు ముందు చెప్పుదానిని వారు పేరునకు వెనుక చెప్పుదురు.

ప్రశ్న: 'ఐ హాడ్ గాన్ టు శ్రీకాకుళం యెస్టర్‌డే' అనవచ్చునా?

జవాబు: దానికి తోడుగా మఱియొక గతకార్యము లేనియెడల అనరాదు, 'ఐ వెంట్' చాలును. జరిగిపోయిన రెండు కార్యములలో తరువాతిదానిని చెప్పుచు, దానికిని పూర్వమే జరిగినదానిని స్మరింపవలసినప్పుడు మాత్రమే 'హాడ్' వచ్చును. 'వెన్ చోడగంగ షిఫ్టెడ్ హిజ్ క్యాపిటల్ టు కటక్, ముఖలింగం హాడ్ బీన్ ద సీట్ ఆఫ్ ద గంగాస్ ఫర్ సెంచరీస్' అను వాక్యమున 12వ శతాబ్దపు మార్పు ఒక మెట్టు, అంతకుముందే గడచిన ముఖలింగపు (నాటి కళింగనగరపు) వైభవము దాని క్రింది మెట్టు. 'ఆఫ్టర్', 'బిఫోర్' అను మాటలే పౌర్వాపర్యమును తేటపఱచునప్పుడు 'హాడ్' లేకున్నను లోపము లేదు. పెద్దరికము కోసము దానిని తగిలించు అలవాటు మన యుద్యోగుల లేఖలలో మెండు.

'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే' అనునది దీనికి తోబుట్టువైన దోషము. మన 'చూచితిని' రెండర్థములకును చెల్లును. ఇంగ్లీషున 'నిన్న' అని కాలము తెగిన వెంటనే 'హావ్' తప్పుకొని 'సా' రావలెను.

ప్రశ్న: ఈ సూత్రములన్నియు కంఠస్థము కానిదే మాటాడరాదా?

జవాబు: నిరభ్యంతరముగా మాటాడవచ్చును. మీ శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ముఖలింగ శాసనముల లిపిని స్వయముగా నేర్చుకొనిరి, సవరభాషను సవరల నోటనుండి విని యభ్యసించిరి, ఆ భాషకు వ్యాకరణము ఆ పిమ్మట వ్రాసిరి, అది 1931లో వెలువడినది. వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుడు ఈ నా గ్రాంథికమును చూచిన నొచ్చుకొనునేమో కాని, వినికిడి ముందు, సూత్రము వెనుక అను క్రమమును మాత్రము మెచ్చుకొనును. అబ్బాయిచేత ప్రతిదినము ఒక ఇంగ్లీషు కథను పైకి చదివించుడు. 'హాడ్' కనబడిన ప్రతిచోట, దానికి పిదప జరిగిన కార్యమేదో వానినే చూపుమనుడు.