పూజగదిలో పాత విగ్రహం: "దీని విలువ ఎంత?" అని అడిగే ముందు



ఈ వారం వీడియోలో మూలవిరాట్టుకీ ఉత్సవమూర్తికీ తేడా ఏంటో చెప్పుకున్నాం కదా. అది చూసి గుడివాడ వైపు నుంచి ఒకరు నాకు ఇలా రాశారు: "మా తాతగారి ఇంట్లో మూడు తరాల నుంచి ఒక పంచలోహ వేణుగోపాలస్వామి ఉన్నాడండి. ఇప్పుడు ఆ ఇల్లు అమ్మేస్తున్నాం. విగ్రహం విలువ ఎంతో తెలిస్తే పంపకాల్లో లెక్క కట్టుకుందామని మావయ్యలు అంటున్నారు. అమెరికాలో ఉన్న అక్క తనతో తీసుకెళ్తానంటోంది. అసలు దీని విలువ ఎలా తెలుసుకోవాలి?"

ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు పాత ఇళ్ళు ఖాళీ అవుతున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటున్నారు. ఇంటికీ పొలానికీ రేటు చెప్పేవాళ్ళు ఉన్నారు, దేవుడి గదిలో ఉన్నదానికి మాత్రం లేరు. అందుకే వివరంగా రాస్తున్నాను. నేను పురావస్తు నిపుణుణ్ణి కాదు, వ్యాపారినీ కాదు. గుళ్ళ మీద వీడియోలు చేస్తూ చదివి, తెలిసినవాళ్ళని అడిగి నేర్చుకున్న పాఠం ఇది.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, "ఎంత?" అన్నది చివరి ప్రశ్న. దానికి ముందు నాలుగు ప్రశ్నలున్నాయి. వాటిని దాటేసి ధర అడిగితే మోసపోతాం, లేదంటే చట్టానికి దొరుకుతాం.

మొదటి ప్రశ్న: ఈ స్వామి ఎవరి స్వామి?

విగ్రహం మీ ఇంటిదా, గుడిదా? వినడానికి వింతగా ఉన్నా అన్నిటికంటే ముందు తేలాల్సింది ఇదే. పాతకాలంలో ధర్మకర్తల ఇళ్ళలో, అర్చకుల ఇళ్ళలో ఉత్సవమూర్తుల్ని భద్రత కోసం ఉంచేవారు. రెండు తరాలు గడిచాక ఆ సంగతి తెలిసినవాళ్ళు మిగలరు. పైగా దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇళ్ళతో పాటు కాగితాలూ పాత ఫోటోలూ కూడా పోయిన కుటుంబాలు ఎన్నో.

పీఠం చూడండి. పల్లకీలో, వాహనం మీద కదలకుండా కట్టడానికి పీఠానికి కన్నాలు గానీ కొక్కేలు గానీ ఉన్నాయా? ప్రభావళి నిలబెట్టే గూళ్ళు ఉన్నాయా? ఉంటే అది ఊరేగింపు మూర్తి అయ్యే అవకాశం ఎక్కువ. పీఠం వెనకో అడుగునో అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి, "ఈ స్వామి మనింటికి ఎప్పుడొచ్చాడు, ఎవరు తెచ్చారు?" అని అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. అమ్మమ్మ చెప్పే రెండు నిమిషాల మాటే రేపు మీకు మిగిలే ఆధారం.

గుడిది అని తేలితే ఇక ధర ప్రసక్తే లేదు. మన న్యాయశాస్త్రంలో ప్రతిష్ఠించిన దేవతామూర్తికి ఆస్తి కలిగి ఉండే, దావా వేసే హక్కున్న వ్యక్తి హోదా ఉంది. ఇది కాగితం మీద మాట కాదు. తమిళనాడులోని పత్తూరులో 1976లో భూమిలోంచి ఒక నటరాజు బయటపడ్డాడు. చేతులు మారి మారి లండన్ చేరాడు. 1982లో ఒక కెనడా కంపెనీ రెండున్నర లక్షల పౌండ్లకి కొనుక్కుంది. ఆ తరవాత లండన్ కోర్టులో కేసు నడిచింది. పాడుబడిన గుడి తరఫున వేసిన దావాని కూడా అక్కడి కోర్టు అంగీకరించింది. 1991లో స్వామి తిరిగొచ్చాడు.

ఆ కేసులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. విగ్రహానికి అంటుకున్న మట్టిని, చెదపురుగులు వదిలిన ఆనవాళ్ళని నిపుణులు పరిశీలించి కోర్టుకి చెప్పారు. మనం అయితే ఏం చేస్తాం? "అయ్యో, ఎంత మురికి పట్టిందో" అని చింతపండు పెట్టి తోమేస్తాం. ఆ మురికే స్వామి చిరునామా.

రెండో ప్రశ్న: ఏ మూర్తి?

"కృష్ణుడు" అంటే సరిపోదు. నవనీత కృష్ణుడా, కాళీయమర్దనుడా, వేణుగోపాలుడా? మన వైపు మొవ్వ, హంసలదీవి రెండూ వేణుగోపాలస్వామి క్షేత్రాలే కాబట్టి ఆ రూపం మనకి బాగా పరిచయం. "చేతిలో వేణువు లేదండీ, విరిగిపోయిందేమో, విలువ తగ్గుతుందా?" అని చాలామంది కంగారు పడతారు. చాలా లోహ విగ్రహాల్లో వేళ్ళ భంగిమే ఉంటుంది, వేణువు ఉండదు. కొన్నిటికి విడిగా చేసి పెట్టేవారు. వేళ్ళ దగ్గర విరిగిన గరుకు అంచు లేకపోతే దాన్ని లోపంగా లెక్కపెట్టక్కర్లేదు.

కిరీటం ఆకారం, యజ్ఞోపవీతం ఏ వైపు నుంచి పోతోంది, శంఖచక్రాల చుట్టూ జ్వాలలు ఉన్నాయా, నడుం దగ్గర బట్ట మడతలు ఎలా ఉన్నాయి... నిపుణులు కాలాన్ని ముందు వీటితోనే అంచనా వేస్తారు. అందుకే అలంకారం తీసేసి, నాలుగు వైపుల నుంచీ, పీఠం అడుగు నుంచీ ఫోటోలు తీయాలి. పక్కన స్కేలు పెట్టండి. బరువు కూడా రాసుకోండి.

మూడో ప్రశ్న: ఎంత పాతది?

ఇక్కడే అపోహలు ఎక్కువ. "కార్బన్ డేటింగ్ చేయిస్తే తెలిసిపోతుంది" అంటారు. కార్బన్ డేటింగ్ కట్టె, ఎముక లాంటి ఒకప్పుడు ప్రాణమున్న వాటికి. లోహం వయసు దాంతో తేలదు. లోపల బోలుగా పోత పోసి, మట్టి మిగిలి ఉన్న విగ్రహమైతే ఆ మట్టిని పరీక్షించే పద్ధతి వేరే ఉంది. కానీ దక్షిణాది విగ్రహాల్లో చాలావరకు గట్టి పోతవే. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. దీనికి మధూచ్ఛిష్ట విధానం అని పేరు. 12వ శతాబ్దపు చాళుక్య రాజు సోమేశ్వరుడి మానసోల్లాసంలో ఈ పద్ధతి వర్ణన ఉంది.

లోహంలో ఏమేం ఉన్నాయో ఎక్స్‌రే పరికరంతో, విగ్రహాన్ని గీకకుండా చూడొచ్చు. అందులోని సీసం ఏ గని రకానిదో పోల్చి చోళ, పల్లవ విగ్రహాల కాలాన్ని వేరుచేసే పని శాస్త్రవేత్త శారదా శ్రీనివాసన్ చేశారు. ఇంకో అపోహ ఏంటంటే, "పంచలోహం కాబట్టి బంగారం బాగా ఉంటుంది" అని. పరీక్షించిన పాత విగ్రహాల్లో అధికభాగం రాగి, దానికి తోడు తగరం, సీసం. బంగారం ఉన్నా లెక్కలోకి రానంత. బందరు వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలు చూసినవాళ్ళకి పైన మెరుపు వేరు, లోపల లోహం వేరు అని చిన్నప్పటి నుంచే తెలుసు.

పాతవి అంటే చోళులవే, తమిళదేశానివే అనుకోకండి. కృష్ణ దాటితే ఆవల పాత గుంటూరు జిల్లాలో బుద్ధాం అనే ఊరుంది. 19వ శతాబ్దంలో అక్కడ నేలలోంచి బుద్ధుడి కంచు విగ్రహాలు బయటపడ్డాయి. 6-8 శతాబ్దాల మధ్యవని పండితుల అంచనా. 1905 నుంచి అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన డెల్టా మట్టి కింద ఏముందో చెప్పలేం.

అందుకే చెరువు తవ్వుతుంటే, పునాది తీస్తుంటే విగ్రహం దొరికితే ఇంటికి తెచ్చుకోకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన, 10 రూపాయలు దాటిన విలువున్న దేన్నైనా కలెక్టరుకి తెలియజేయాలి. ఎమ్మార్వో ఆఫీసుకో పోలీసులకో చెబితే వాళ్ళే పైకి పంపుతారు.

నాలుగో ప్రశ్న: ఇప్పుడు ఎలా ఉంది?

వందేళ్ళు అభిషేకం జరిగిన విగ్రహానికి ముఖం, ఛాతీ, పాదాలు నునుపు తేలుతాయి. ముక్కు, కళ్ళు మెత్తబడతాయి. మడతల్లో, వీపు మీద మాత్రం గంధం, నూనె, కుంకుమ గట్టిపడి ఉంటాయి. నకిలీల్లో పచ్చదనం ఒంటి నిండా ఒకేలా ఉంటుంది. చెయ్యి తగలని చోట అరుగుదల, తగలాల్సిన చోట పదును కనిపిస్తాయి. యాసిడ్ పోసి, ఉప్పులో పాతిపెట్టి పాతదనం తెప్పిస్తారు మరి.

సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో ఇంకో జబ్బుంది. గట్టిగా, నున్నగా ఉండే ముదురు చిలుము విగ్రహాన్ని కాపాడే పొర. దాన్ని తీయకూడదు. కానీ లేత ఆకుపచ్చ రంగులో పొడిపొడిగా రాలుతుంటే మాత్రం అది ఉప్పు లోహాన్ని తినేయడం. తడి తగిలేకొద్దీ పెరుగుతుంది. అలాంటిది కనిపిస్తే నీళ్ళు, పాలు పోయడం ఆపి, పొడిగా ఉంచి, మ్యూజియం కన్సర్వేటర్‌కి చూపించాలి.

"అభిషేకం ఆపితే దోషం కదా?" అంటారు. మన ఆగమాలే దీనికి దారి చూపించాయి. వైఖానసంలో ఒకే స్వామికి ఐదు బేరాలు ఉంటాయి. అందులో స్నపన బేరం స్నానానికే ప్రత్యేకం. తిరుమలలో ఉగ్ర శ్రీనివాసమూర్తిది ఆ స్థానం. ఇంట్లో కూడా చిన్న కొత్త మూర్తికి అభిషేకం, పాత స్వామికి పువ్వులు, హారతి పెట్టుకోవచ్చు. మీ పురోహితుల్ని ఒక్కసారి అడిగి చేయండి.

ఇప్పుడు ధర సంగతి

మన పెద్దవాళ్ళ కాలంలో వీధుల్లో స్టీలు సామాను బండి వచ్చేది. పాత ఇత్తడి, కంచు వేస్తే స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్ళు. ఎన్ని ఇళ్ళ దీపపు సెమ్మెలు, విగ్రహాలు అలా తూకానికి వెళ్ళిపోయాయో. తూకం ధర అంటే లోహం ధరే, విగ్రహం ధర కాదు.

దీనికి ఇంకో చివర "కోట్లు పలుకుతుంది" అనే బేరగాడు ఉంటాడు. "ముందు టెస్టింగ్‌కి రెండు లక్షలు కట్టండి, విదేశీ పార్టీ రెడీగా ఉంది" అంటాడు. రైస్ పుల్లింగ్ చెంబుల మోసం తెలుసు కదా, ఇది దాని తమ్ముడే. నిజంగా కొనేవాడు మీ దగ్గర ముందుగా డబ్బు అడగడు.

చట్టం ఇలా ఉంది. 1972లో చేసిన పురావస్తువుల చట్టం 1976 నుంచి అమల్లో ఉంది. 100 ఏళ్ళు దాటిన విగ్రహం పురావస్తువు. ఇంట్లో ఉంచుకోవచ్చు, పూజ చేసుకోవచ్చు. కానీ ఫోటోలతో రిజిస్టరింగ్ ఆఫీసరు దగ్గర నమోదు చేయించాలి. చేతులు మారితే తెలియజేయాలి. పురావస్తువుల వ్యాపారం లైసెన్సు ఉన్నవాళ్ళే చేయాలి. దేశం దాటించడం మనలాంటివాళ్ళకి పూర్తిగా నిషేధం. దొరికితే 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు.

కాబట్టి అమెరికా అక్కకి చెప్పండి: చీరల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టుకోవద్దని. వందేళ్ళ లోపుదే అయితే, పురావస్తువు కాదని కేంద్ర పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకుని మరీ వెళ్ళాలి.

వేలంలో కోట్లు పలికే విగ్రహాల ధరలు చూసి మన ఇంటిదానికి అన్వయించుకోకండి. ఆ ధరలు నిలబడేది చరిత్ర కాగితాల మీద. తమిళనాడులోని శ్రీపురందాన్ గుడి నటరాజుని 2008లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ సుమారు 50 లక్షల డాలర్లకి కొన్నది. కాగితాలు నకిలీవి. గుళ్ళో ఉన్నప్పుడు పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తీసిన ఫోటోతో దొంగతనం బయటపడింది. 2014లో స్వామి వెనక్కి వచ్చాడు. 50 లక్షల డాలర్ల ధర ఒక పాత ఫోటో ముందు నిలవలేదు.

విలువ కట్టడంలో పొరపాటు మన బందరులోనూ జరిగింది. 1830ల ప్రాంతంలో ఇక్కడి కలెక్టరు రాబర్ట్‌సన్ అమరావతి స్తూపం శిల్పాల్ని తెప్పించి తాను కట్టించిన కొత్త బజారులో అలంకారంగా పెట్టించాడు. రాబర్ట్‌సన్‌పేట పేరు ఆయనదే. ఆ రాళ్ళు తరవాత మద్రాసు మ్యూజియం చేరాయి. ఆయనకి అవి అందంగా కనిపించాయి, అంతవరకే. ఎక్కడివి, ఎవరివి అన్న ప్రశ్న వేసుకోలేదు.

మీ ఇంట్లో ఈ వారమే చేయదగ్గవి

- తోమకండి, పాలిష్ పెట్టకండి, విరిగినచోట అతికించకండి.
- అన్ని వైపుల ఫోటోలు, ఎత్తు, బరువు, పెద్దవాళ్ళ మాట రికార్డు చేసి ఇంట్లో ముగ్గురి దగ్గరైనా ఉంచండి.
- వందేళ్ళు దాటిందేమో అనిపిస్తే రాష్ట్ర పురావస్తు శాఖని సంప్రదించండి. మ్యూజియం వాళ్ళు సాధారణంగా ధర చెప్పరు, అది ఏంటో చెబుతారు. మనకి ముందు కావాల్సింది అదే.
- విగ్రహం ఫోటోని, మీ ఊరి పేరుని కలిపి సోషల్ మీడియాలో పెట్టకండి. దొంగలూ చూస్తారు.
- మీ ఊరి గుడి ఉత్సవమూర్తుల ఫోటోలు దేవాదాయ శాఖ రిజిస్టరులో ఉన్నాయో లేదో ఈవోగారిని మర్యాదగా అడగండి. ఒక్క ఫోటో ఏం చేయగలదో పైన చూశాం.

ఇక గుడివాడ కుటుంబానికి నా మాట. పంపకాల కాగితంలో స్వామి ఎదురుగా అంకె రాయకండి. "వీరి ఇంట్లో ఉంటాడు, ఏటా కృష్ణాష్టమికి అందరం అక్కడ కలుస్తాం, ఎవరూ ఒంటరిగా అమ్మకూడదు" అని రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి. పూజ చేసే చెయ్యి ఎవరిదో ముందు అడగండి. ఆ చెయ్యి ఉన్న ఇల్లే స్వామికి తగిన ఇల్లు.

వచ్చే వారం ప్రభావళి, మకరతోరణం గురించి చెప్పుకుందాం. అంతవరకు శుభం.