వైఫై మాటిమాటికీ కట్ అవుతోందా? ముందు తప్పు రూటర్‌దో, ల్యాప్‌టాప్‌దో తేల్చండి

గద్వాలలో మా చెల్లి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇస్తుంటే నా ల్యాప్‌టాప్‌లో వైఫై మూడుసార్లు కట్ అయింది. పాపం, ఏడ్చినంత పని చేసింది. ఫోన్‌లో మాత్రం అదే వైఫై బాగానే నడుస్తోంది. రూటర్ మార్చేద్దామనుకున్నా. తర్వాత వనపర్తిలో ఫ్రెండ్ రూమ్‌లో, నాగర్‌కర్నూల్‌లో మామయ్య వాళ్లింట్లో కూడా అదే తంతు. మూడు ఊళ్లు, మూడు రూటర్లు, ల్యాప్‌టాప్ మాత్రం ఒక్కటే. ఇంకేముంది, దొంగ దొరికాడు!

మీ విండోస్ ల్యాప్‌టాప్‌లోనూ ఇలా చెక్ చేయండి:

1. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్’ కొడితే డీఫాల్ట్ గేట్‌వే కనిపిస్తుంది. అదే రూటర్ అడ్రస్. దానికి పింగ్ చేయండి. రిప్లైలు సరిగ్గా వస్తున్నా సైట్లు ఓపెన్ కాకపోతే ప్రాబ్లమ్ ఇంటర్నెట్ లైన్‌లోనో, డీఎన్ఎస్‌లోనో ఉన్నట్టు. రిప్లైలే ఆగిపోతుంటే తేడా ల్యాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్యే.

2. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. దూరం గదిలో 2.4 వాడండి. అందులో 1, 6, 11 ఛానెల్స్‌లో రద్దీ తక్కువున్నది ఎంచుకోండి.

3. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం అడాప్టర్‌ని ఆఫ్ చేసే ఆప్షన్‌కి టిక్ తీసేయండి. ఈ ట్యాబ్ అన్ని ల్యాప్‌టాప్‌లలో ఉండదు.

4. అప్‌డేట్ తర్వాతే మొదలైతే, అక్కడే డ్రైవర్ ట్యాబ్‌లో ‘రోల్ బ్యాక్’ చూడండి.

నాకు పనిచేసింది మూడోది. ఛార్జర్ పెట్టినప్పుడు కట్ అవ్వట్లేదని ముందే గమనించి ఉంటే ఇంత తిరుగుడు తప్పేది. చెల్లికి ఇంకో ఛాన్స్ ఇచ్చారు. ఈసారి బ్యాటరీ మీదే గంటసేపు మాట్లాడింది, ఒక్కసారి కూడా కట్ కాలేదు.