థైరాయిడ్ డోసు గురించి డాక్టరుతో మాట్లాడటం ఎలా?

థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు చాలామంది రిపోర్టు డాక్టరు బల్ల మీద పెట్టి ఊరుకుంటారు. డాక్టరు టీఎస్‌హెచ్ చూసి డోసు రాస్తారు. ఆ అంకె ఎందుకలా వచ్చిందో చెప్పాల్సింది మాత్రం మాత్ర వేసుకునే మనిషే. ఎన్ని రోజులు మరిచిపోయారో, మాత్ర తర్వాత ఏం తాగారో రిపోర్టులో రాసి ఉండదు. అది చెప్పకపోతే అవసరం లేకపోయినా డోసు పెరగవచ్చు. థైరాయిడ్ తక్కువగా ఉండి లెవోథైరాక్సిన్ వాడేవాళ్లు ఇలా సిద్ధమై వెళ్లాలి.

1. ముందు అంకె అర్థం చేసుకోండి

టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథిలో తయారయ్యేది కాదు. హార్మోను చాలడం లేదని గమనించి, ఇంకా తయారుచెయ్యమని మెదడు కింద ఉండే పిట్యూటరీ పంపే ఆదేశం అది. అందుకే టీఎస్‌హెచ్ పెరిగితే సాధారణంగా ఒంట్లో థైరాయిడ్ హార్మోను తక్కువగా ఉందని, మరీ తగ్గితే మందు ఎక్కువైందని అర్థం. పెద్దవాళ్లకు చాలా ల్యాబులు సుమారు 0.4 నుంచి 4 లేదా 5 దాకా మామూలు అంటాయి. ల్యాబును బట్టి ఈ హద్దులు కొంచెం మారతాయి. వయసు, గుండె జబ్బు, గర్భం వంటివాటిని బట్టి మీకు ఎంత ఉండాలో డాక్టరు చెబుతారు.

2. పరీక్ష సమయం చూసుకోండి

ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. కాబట్టి డోసు మార్చాక 6 నుంచి 8 వారాలు ఆగితేనే టీఎస్‌హెచ్ కుదురుకుంటుంది. పది రోజులకే పరీక్ష చేయిస్తే ఆ అంకెను బట్టి ఏమీ తేల్చలేం. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబులో, ఒకే వేళకు రక్తం ఇవ్వండి. రక్తంలో థైరాయిడ్ హార్మోనును కొలిచే ఫ్రీ టీ4 పరీక్ష కూడా చేస్తుంటే ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోండి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. అది ఫలితాన్ని తప్పుగా చూపించగలదు. ఎక్కువ డోసు వాడుతుంటే ఎన్నాళ్లు ఆపాలో ముందే అడగండి.

3. ఒకే కాగితం మీద రాయండి

పరీక్ష తేదీ, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, అప్పుడు వేసుకుంటున్న డోసు, బరువు వరసగా రాయండి. డోసు 25, 50, 75, 100 ఇలా మైక్రోగ్రాముల్లో ఉంటుంది. గుర్తున్నది రాయకుండా సీసా మీద అంకె చూసి రాయండి. బ్రాండు పేరూ రాయండి. బ్రాండు మారితే ఆ సంగతి చెప్పి, మళ్లీ పరీక్ష ఎప్పుడో అడగండి.

4. ఎలా వేసుకుంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది. మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీ, టీ, టిఫిన్‌కు 30 నుంచి 60 నిమిషాలు ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. గ్యాస్ మాత్రలు వాడుతున్నా చెప్పాలి. వీటివల్ల మందు సరిగా ఒంటబట్టక టీఎస్‌హెచ్ పెరగవచ్చు.

"డాక్టర్ గారూ, వారంలో రెండు రోజులు మరిచిపోతున్నానండీ."
"మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగుతున్నానండీ."

ఇలాంటి ఒక్క మాటతో డోసు పెంచాలా, అలవాటు మార్చాలా అన్నది తేలిపోతుంది. కోప్పడతారేమోనని దాచకండి. పాత తీరు ప్రకారం పెంచిన డోసును రేపు సరిగా వేసుకోవడం మొదలుపెడితే అదే మోతాదు మించిపోతుంది.

5. ఒంట్లో మార్పులు చెప్పండి

నీరసం, మలబద్ధకం, చలి తట్టుకోలేకపోవడం, బరువు పెరగడం, నెలసరి తేడాలు మందు చాలకపోతే కనిపించవచ్చు. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం మందు ఎక్కువైతే రావచ్చు. ఎప్పటినుంచో కూడా చెప్పండి. టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్నా నీరసం తగ్గకపోతే రక్తహీనత, విటమిన్ లోపం, నిద్రలేమి వంటి వేరే కారణాలు చూడాలేమో అడగండి.

6. ఇవి అడగకుండా లేవకండి

- నా టీఎస్‌హెచ్ ఎంత ఉండాలి?
- డోసు ఎందుకు మారుస్తున్నారు?
- మళ్లీ పరీక్ష ఎప్పుడు?
- ఒక రోజు మరిచిపోతే ఏం చేయాలి?

7. ఇంటికొచ్చాక

డాక్టరు చెప్పకుండా డోసు పెంచడం, తగ్గించడం, రిపోర్టు మామూలుగా వచ్చిందని మాత్ర మానేయడం చేయకండి. ఆ అంకె మామూలుగా ఉన్నది మాత్ర పనిచేస్తున్నందువల్లే. బరువు తగ్గడానికని ఎక్కువ వేసుకుంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, ఎముకలు బలహీనపడతాయి.

గర్భం వచ్చిందని తెలిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. తొలి వారాల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం, పైగా చాలామందికి డోసు పెంచాల్సి వస్తుంది. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. ఛాతీనొప్పి, ఆయాసం, ఆగని గుండె దడ వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.