కిల్ కొట్టినా పిల్ల ప్రాసెస్ పద్ధతిగా ఆగదేం?

ప్రశ్న: సిగ్విన్‌లో నా సీ ప్రోగ్రామ్ కొన్ని విండోస్ ప్రోగ్రాముల్ని నడుపుతుంది. సిగ్‌టర్మ్ పంపితే అవి ఫైళ్లు సేవ్ చేయకుండానే పోతున్నాయి. ఒక్కోసారి జాంబీలూ మిగులుతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: మీ కోడ్‌లో తప్పు వెతికి అలసిపోకండి, మొదటి సమస్యకు మూలం విండోస్‌లోనే ఉంది. విండోస్‌కు యూనిక్స్ సిగ్నళ్లు తెలియవు. వాటిని సిగ్విన్ డీఎల్ఎల్ తానే అనుకరిస్తుంది. ఆ డీఎల్ఎల్‌తో కట్టిన ప్రోగ్రామ్ సిగ్‌టర్మ్‌ను పట్టుకుని సర్దుకోగలదు. మామూలు విండోస్ ప్రోగ్రామ్‌కు ఆ వీలు లేదు, కాబట్టి సిగ్విన్ దాన్ని టెర్మినేట్‌ప్రాసెస్‌తో ఉన్నపళంగా ఆపేస్తుంది. పైగా అది పుట్టించిన పిల్లలు అలాగే బతికి ఉంటాయి. అందుకే ముందు ప్రోగ్రామ్‌కు దాని సొంత దారిలో, అంటే పైపు ద్వారానో సాకెట్ ద్వారానో, ఆగమని చెప్పండి. కొన్ని సెకన్లు చూసి, వినకపోతేనే టాస్క్‌కిల్‌ను స్లాష్ టీ, స్లాష్ ఎఫ్‌లతో వాడండి, కుటుంబమంతా ఆగుతుంది. దానికి ఇవ్వాల్సింది విండోస్ పీఐడీ. సిగ్విన్ పీఐడీ వేరుగా ఉండొచ్చు, పీఎస్ రెండూ చూపిస్తుంది.

జాంబీల సంగతి వేరు, అది ఏ యూనిక్స్‌లోనైనా ఉన్నదే. సిగ్‌చైల్డ్‌లు వరుస కట్టవు. ముగ్గురు పిల్లలు ఒకేసారి ముగిసినా ఒక్క సిగ్నలే రావచ్చు. హ్యాండ్లర్‌లో వెయిట్‌పిడ్‌ను ఒక్కసారి పిలిచి ఊరుకోకండి. డబ్ల్యూనోహ్యాంగ్‌తో, అది సున్నా గానీ మైనస్ ఒకటి గానీ ఇచ్చేదాకా, లూప్‌లో పిలవండి.