పగుళ్లకు లప్పం పెట్టకు

హైదరాబాద్,
ఆదివారం.

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ మీద చెరువూ తాటిచెట్లూ రంగుల్లో, ముందు బిందెలెత్తుకున్న ముగ్గురు ఆడవాళ్లు మట్టిలో. ఊహ బాగుంది. మధ్యామెకు భుజం నుంచి నడుం దాకా నెర్రె విచ్చింది. దాన్లో ఏం నింపాలని అడిగావు. ఏమీ నింపకు. లప్పం పెడితే నాలుగు రోజులకు దాని పక్కనే ఇంకోటి విచ్చుతుంది.

తప్పు నీ చేతిది కాదులే. తడి మట్టి ఆరేటప్పుడు అడుగుకి అర అంగుళం దాకా కుంచించుకుపోతుంది. కింద చెక్క కదలదు. దాన్ని గట్టిగా పట్టుకున్న మట్టి ఇంకేం చేస్తుంది, చీలుతుంది. మట్టిగోడ పెట్టేటప్పుడు మనవాళ్లు గడ్డి వేసి తొక్కేది ఇందుకే. అజంతాలో బొమ్మల కింది మట్టి పూతలోనూ వరిపొట్టు, నార ఉన్నాయి. నువ్వు పాత పేపర్లు నానబెట్టి, రుబ్బి, మూడు గిన్నెల మట్టికి ఒక గిన్నె గుజ్జు కలుపు. వారం దాటితే కంపు కొడుతుంది, మీ అమ్మ నన్ను తిడుతుంది. ఫర్వాలేదు.

ఇంకోటి, బొమ్మను చెక్క మీదే చెయ్యకు. కింద పాలిథిన్ పరిచి చెయ్యి. సగం ఆరాక తీగతో ముక్కలుగా కోసి, వెనక తొలిచి, నీడన ఆరబెట్టు. ఎండలో పెడితే పైన ఆరి లోపల తడి మిగిలి, అప్పడంలా వంకర తిరుగుతుంది. దగ్గర్లో కుమ్మరి ఆవం ఉంటే కాల్పించు. గుజ్జు కాలిపోయి బరువూ తగ్గుతుంది. కాకపోతే లోపల చెమ్మ ఉంటే ఆవంలో పేలిపోతుంది, తొందరపడకు. కోతలు చీర అంచు వెంట పడేలా చూసుకో. కె.జి. సుబ్రమణ్యన్ 1963లో లక్నో రవీంద్రాలయకు చేసిన కుడ్యశిల్పం కాల్చిన మట్టి పలకల కూర్పే. అతుకులున్నాయని దానికి ఎవరూ వంక పెట్టలేదు.

బరువు సంగతి ఆలోచించావా? చదరపు అడుగు మేర అంగుళం మందం మట్టి వేస్తే, తడిమీద నాలుగు కిలోలు దాటుతుంది. నీ చెక్కంతా పరిస్తే 130 కిలోల పైమాటే. నా మొదటి పెద్ద పని ఒక గ్యాలరీ లిఫ్టులో పట్టలేదు. నలుగురం మెట్ల మలుపులో తిప్పుతుంటే అందులోని ఎద్దు కొమ్ము గోడకు తగిలి విరిగింది. అలాగే తగిలించాను. ఒకాయన వచ్చి ఆ విరిగిన కొమ్ములోనే ఎంతో అర్థం ఉందని పావుగంట మెచ్చుకున్నాడు! నీకా అదృష్టం వద్దుగానీ, నాలుగు బై నాలుగు చెక్కలు రెండు చేయించి వెనక బోల్టులు బిగించు.

ఇక నిన్ను నిజంగా కోప్పడాల్సిన చోటుకొస్తాను. ఆడవాళ్ల నీడలు ఎడమవైపు పడుతున్నట్టు రంగుతో వేశావు. ఫొటోలో కిటికీ వెలుగుకి మట్టి బొమ్మల అసలు నీడలు కుడివైపు పడుతున్నాయి. నీ చెరువుకి ఇద్దరు సూర్యులు. మట్టి తన నీడ తానే వేసుకుంటుందమ్మా, దానికి నీ కుంచె సాయం అక్కర్లేదు. చెక్కను నిలబెట్టి, అది వేలాడబోయే చోట ఎటునుంచి వెలుగొస్తుందో అటునుంచే దీపం పెట్టి, పడ్డ నీడను సుద్దతో గీసుకో. రంగు ఆ తర్వాతే.

కొండపల్లి బొమ్మ ఒకటి చేతిలోకి తీసుకొని చూడు. పొణికి కర్రకు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ ముక్కూ అతుకుతారు. సాపు చేసి, సున్నం పూసి, రంగేస్తారు. కర్ర ఎక్కడ ఆగిందో మక్కు ఎక్కడ మొదలైందో కంటికి దొరకదు. నీ ముగ్గురూ మాత్రం చెరువు మీద అంటించిన స్టిక్కర్లలా ఉన్నారు. పాదాల దగ్గర మట్టిని పల్చగా, గోరు మందం దాకా లాగి నీళ్లలో కలిపెయ్యి. నీటి అలల రంగును రెండంగుళాలు చీర కుచ్చిళ్ల మీదకి ఎక్కించు. ముందు మట్టికి ఫెవికాల్ నీళ్లు పట్టించడం మరచిపోకు, లేకపోతే రంగును తాగేస్తుంది.

మధ్యామెను ఈ రాత్రే ఊడబెరికి బకెట్లో నానెయ్యి. మట్టి మీద ఇంకా రంగు పడలేదు కాబట్టి అంతా మళ్లీ పనికొస్తుంది. వచ్చే నెల వస్తాను, డ్రిల్లు, బోల్టులు నేనే తెస్తాను. అప్పటిదాకా ఆ చెక్కను గోడకు మాత్రం ఎక్కించకు.

మీ పెదనాన్న