వేరుశెనగకు బూజు

అక్కలారా! తెంపిన వేరుశెనగ కాయల్ని తడి ఆరకముందే గోతాలకు ఎత్తకండి. తడి ఉంటే కాయ లోపల ఆకుపచ్చ బూజు పడుతుంది. ఆ బూజు ఒక విషం పుట్టిస్తుంది. దాని పేరు అఫ్లాటాక్సిన్. అది కాలేయాన్ని పాడు చేస్తుంది. క్యాన్సర్ కూడా తెస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. వాటికి పెట్టిన వేరుశెనగ చెక్కలో ఈ విషమే ఉంది.

"వేయిస్తే పోదా?" అంటారు కొందరు. పూర్తిగా పోదు. కడిగినా పోదు.

అందుకే కాయల్ని బాగా ఎండబెట్టాలి. చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. పగిలిన కాయలు ఏరేయండి. గోతాల్ని నేల మీద కాదు, చెక్కల మీద పెట్టండి. గోడకు ఆనకూడదు.

బూజు గింజలు పారేయాలంటే మనసొప్పదు, నిజమే. గేదెకు పెడదాం అనిపిస్తుంది. పెట్టకండి. విషం పాలలోకి దిగుతుంది. ఆ పాలే కదా మన పిల్లలు తాగేది!